ఉస్తాదుకు ఇచ్చిన పానా

కోరుట్లలో ఎవరింట్లోనైనా వాష్ బేసిన్ కింద నీళ్లు కారితే ముందు ఒక ప్లాస్టిక్ టబ్బు పెడతారు, ఆ తర్వాత గంగాప్రసాద్‌కు ఫోన్ చేస్తారు. అతను వస్తానన్నాడంటే ఆలస్యమైనా వస్తాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఆ ఇంటివాళ్ల దేవుడి పటం ఏ గోడకు ఉందో చూసుకుని ఒకసారి తల వంచి, అప్పుడు బేసిన్ కిందికి దూరతాడు. ముస్లింల ఇంట్లో పనైతే, నీళ్లు ఆగినప్పుడు ఆ ఇంటి పెద్దావిడ అల్లాను తలుచుకుంటే తనూ మనసులో అదే పేరు తలుచుకుంటాడు. నీళ్లు ఆపింది ఎవరైతేనేం అనుకుంటాడు.

ఆ బేసిన్ కింద దూరడంలోనే ఉంది కష్టమంతా. నల్లాను పట్టి ఉంచే నట్టు గోడకూ పింగాణీకీ నడుమ సందులో ఉంటుంది. మామూలు పానా అక్కడ తిరగదు. వెల్లకిలా పడుకుని, ఒక చేత్తో పొడుగు పానా కొసను నట్టుకు ఆనించి పట్టుకుని, రెండో చేత్తో కింద తిప్పాలి. తుప్పు నీళ్లు కళ్లలో పడుతుంటే తుడుచుకోవడానికి మూడో చెయ్యి ఉండదు.

గంగాప్రసాద్ చేసిన పానాకు ఒక్క చెయ్యి చాలు. రెండడుగుల గొట్టం, కొసన కొక్కెం లాంటి నోరు. గొట్టం లోపలి నుంచి సైకిలు బ్రేకు తీగ ఒకటి పిడి దాకా వస్తుంది. పిడి దగ్గరి మీటను బొటనవేలితో నొక్కితే పైన నోరు తెరుచుకుంటుంది, వదిలితే నట్టును కరిచి పట్టుకుంటుంది. చూసినవాళ్లు ఇంతేనా అంటారు. ఆ ఇంత కోసం అతను రెండు వానకాలాలు ఇంటి వెనక రేకుల షెడ్డులో కూర్చున్నాడు. అదంతా రాజమౌళి కోసం.

రాజమౌళిది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. వయసులో ఉన్నప్పుడు సాంచాలే నడిపాడు. బట్ట అమ్ముడుపోక సాంచాలు ఆగిపోయిన రోజుల్లో భార్య పుస్తె కుదువ పెట్టి మస్కట్ పోయి, అక్కడ పైపుల పని నేర్చుకున్నాడు. కొన్నేళ్లకు ఆయన ఉండే గదికే కోరుట్ల నుంచి గంగాప్రసాద్ వచ్చాడు. ఏజెంటు చెప్పిన పని ఒకటి, అక్కడ పెట్టిన పని ఇంకొకటి. మొదటి రోజు అన్నం ముందు పెట్టుకుని ముద్ద దిగక కూర్చున్నవాడి కంచంలో రాజమౌళి తన పప్పు కూడా వంచాడు.

"ఏడ్వకు. రేపటి సంది నా ఎంబడి రా. పైపు కోసుడు నేర్పుత. ముందుగాల గది తిను."

అప్పటి నుంచి రాజమౌళి అతనికి ఉస్తాద్. ఇద్దరూ ఇండియా తిరిగి వచ్చి ఎవరి ఊళ్లో వాళ్లు పని చేసుకుంటున్న కాలంలో రాజమౌళికి పక్షవాతం వచ్చి ఎడమ చేయి పడిపోయింది. చూడ్డానికి పోయిన గంగాప్రసాద్ మంచం పట్టె మీద తల దించుకుని కూర్చుంటే ఆయనే నవ్వించబోయాడు.

"కుడి చెయ్యి ఉంచిండు గద ఏములాడ రాజన్న. గాయినకు గూడ దయ ఉన్నది. తినెటందుకు సాలుతది. పనికే సాలుతలేదు."

ఆ మాట వినే గంగాప్రసాద్ షెడ్డులో కూర్చున్నాడు.

కోరుట్ల ప్లంబర్లకు ఒక అలవాటుంది. దసరా నాడు ఎవరి పనిముట్లు వాళ్లింట్లో పూజ చేసుకోరు. అందరూ చంద్రమౌళి హార్డ్‌వేర్ దుకాణానికి తెచ్చి అమ్మవారి పటం ముందు ఒకే బట్ట మీద పరుస్తారు. కొత్త పనిముట్టు ఏదన్నా ఉంటే, పని నేర్పిన మనిషి చేయి తగలకుండా దాన్ని పనిలో పెట్టరు. నాలుగేళ్ల కింద దసరాకు గంగాప్రసాద్ రెండు పానాలు పరిచాడు. ఒకటి తనది. సిరిసిల్ల నుంచి ఉస్తాదును పిలిపించి దానికి ఆయన చేయి తాకించాడు. రెండోదాని మీద, దసరాకు బంగారమని పంచుకునే జమ్మి ఆకు పెట్టి ఆయన చేతికే ఇచ్చి కాళ్లకు మొక్కాడు.

రాజమౌళి అక్కడికక్కడే దుకాణంలో అమ్మకానికి పెట్టిన బేసిన్ కింద పడుకుని, ఒంటి చేత్తో నట్టు విప్పి, మళ్లీ బిగించాడు. పడుకున్నవాడు లేవకుండానే "అమ్మా" అన్నాడు. అమ్మవారిని పిలిచాడో, కన్నతల్లిని తలుచుకున్నాడో అక్కడున్నవాళ్లకు తెలియలేదు గాని అందరి కళ్లూ చెమ్మగిల్లాయి. చంద్రమౌళి ఫోటోలు తీసి, దుకాణం ఫేస్‌బుక్ పేజీలో పెట్టాడు. కింద సంతోషంగా రాశాడు: మన గంగన్న కొత్తగ చేసిన పానా, ఉస్తాదుకు దసరా బంగారం.

ఆ తర్వాత రెండు మూడు నెలలకు జగిత్యాలలో ఒక ఇంట్లో పనికి పోతే, ఆ ఇంటి అమ్మాయి అలేఖ్య తలుపు దగ్గర నిలబడి చూసింది. అప్పుడే వకీలు పని మొదలుపెట్టిన పిల్ల.

"అన్నా, గిది ఏడ కొన్నవ్?"

"కొనలే మేడం. నేనే చేసుకున్న."

"నువ్వేనా? అయితే పేటెంట్ చేయించు. లేకుంటె ఎవడో చూసి చేసుకుంటడు."

ఆమె తోడుపడింది. హైదరాబాదులో ఒక మనిషి చేత దరఖాస్తు రాయించింది. ఆ మనిషి ఫోన్లో అడిగాడు, ఇది ఇంతకు ముందు ఎవరికైనా అమ్మినవా అని. లేదన్నాడు గంగాప్రసాద్. అది నిజమే. ఎవరికైనా ఇచ్చినవా అని ఆయన అడగలేదు. అడగకపోయినా చెప్పాలని ఇతనికి తోచలేదు. దేవుడి ముందు పెట్టి, పెద్దమనిషి చేతిలో పెట్టిన వస్తువును దాచవలసిన వస్తువని ఎవరు మాత్రం ఎందుకనుకుంటారు?

ఏడాది తిరగకముందే అలాంటి పానాయే ప్లాస్టిక్ ప్యాకెట్లో బజారుకు వచ్చింది. చేసింది ఎక్కడో పెద్ద పట్నంలో బాత్రూం సామాన్లు అమ్మే కంపెనీ. బ్రేకు తీగకు బదులు సన్నని కడ్డీ పెట్టారు, పిడికి ఎర్ర రబ్బరు తొడిగారు. మిగతాదంతా అదే. తమ పేరుతో దీని మీద ఒక పేటెంటు దరఖాస్తు కూడా వేసుకున్నారు. పైగా గంగాప్రసాద్ దరఖాస్తుకు అభ్యంతరం చెప్పింది కూడా వాళ్లే. ఇది దరఖాస్తుకు ముందే బయట అందరికీ తెలిసిన వస్తువు, కాబట్టి దీని మీద అతనికి హక్కు ఇవ్వకూడదన్నారు. సాక్ష్యంగా చంద్రమౌళి పెట్టిన దసరా ఫోటో పెట్టారు. చెన్నైలోని పేటెంటు ఆఫీసు దరఖాస్తును కొట్టేసింది.

చంద్రమౌళి ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "పోస్టు పెట్టింది నేనే గదా గంగా. నా ఏలు ఇరిగిపోను" అని తన వేలినే తిట్టుకున్నాడు. ఆ కంపెనీ ప్యాకెట్లు తన దుకాణంలోకి రానివ్వలేదు. కాని దుకాణం ఒక్కటే కాదు గదా ఊళ్లో. ఒక ఇంట్లో పని చేస్తుంటే ఆ ఇంటికి వచ్చిన అల్లుడు ఫోన్లో ప్రకటన చూపించి నవ్వాడు.

"ఓ గంగన్నా, గీ కంపెనీ పానాను చూసి మంచిగనే కొట్టినవ్ పో కాపీ! అచ్చం గట్లనే ఉన్నది."

గంగాప్రసాద్ చేతిలో వాళ్లిచ్చిన టీ ఉంది. తాగి, కప్పు కడిగి పెట్టి, "టీ మంచిగున్నది" అని వచ్చేశాడు. దారిలో బండి ఆపి చాలాసేపు రోడ్డు పక్కన నిలబడ్డాడు. డబ్బు సంగతి తర్వాత. ఇది నేను చేసిన అని చెప్పుకునే వీలు కూడా పోతుందని అతనికి తెలిసింది ఆ రోజే. అందుకే అప్పీలుకు పోయాడు.

అప్పీలు చెన్నైలోని మద్రాసు హైకోర్టులో. ఇక్కడ అలేఖ్య, అక్కడ ఆమెకు తెలిసిన ఒక సీనియర్ వకీలు. వాయిదా మీద వాయిదా. ప్రతిసారీ కోరుట్ల నుంచి జగిత్యాలకు పోయి, అలేఖ్య ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటే, తెర మీద ఎవరెవరివో ముఖాలు వచ్చేవి. తన వంతు రాకుండానే సాయంత్రమయ్యేది.

"వాయిదా అంటె ఏంది? మళ్ల గదే మాట చెప్పుడా?" అని అడిగింది ఒకనాడు భార్య రాజమణి. ఒళ్లో చాట, చాటలో తునికాకు. మాట్లాడుతుంటే కూడా ఆమె వేళ్లు బీడీలు చుడుతూనే ఉంటాయి.

"చెప్పుడు గూడ లేదే. చెప్తమని చెప్పుడు."

మొన్న ఎండాకాలం చివర అలేఖ్య రమ్మని పిలిచింది. జగిత్యాల గడియారం టవర్ దగ్గర సందులో, మెట్ల మీద ఆమె ఆఫీసు. అతను మెట్లెక్కి వచ్చేసరికి ఆమే లేచి కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. మామూలుగా ఆ పని ఆమె గుమస్తా చేస్తాడు. ఏదో కష్టమైన మాట ఉందని అతనికి నీళ్లు తాగుతుండగానే అర్థమైంది.

"చెన్నై సార్ ఒక తొవ్వ చెప్పిండు అన్నా. చట్టంల ఒక వెసులుబాటు ఉన్నది. వస్తువు పనిచేస్తదా లేదా అని, దరఖాస్తుకు ముందు ఏడాది లోపట, వట్టి పరీక్ష కోసమే బయట వాడి చూస్తే దాన్ని తప్పు పట్టరు. రాజమౌళి గారికి పానా పరీక్ష కోసమే ఇచ్చినవ్, ఆయన వాడి చూసి నీకు వాపస్ ఇచ్చిండు. గిట్ల ఆయన ప్రమాణపత్రం మీద సంతకం పెడితే అప్పీలు నిలబడ్తది అంటున్నడు."

"వాపస్ ఇయ్యలే మేడం. ఆయన దగ్గర్నే ఉన్నది. గదాంతోనే పనికి పోతున్నడు."

"నాకు ఎరుకే." ఆమె టేబుల్ మీది పెన్నును అటూ ఇటూ జరిపింది. "గందుకే ముందుగాల దాన్ని తెచ్చుకోవాలె."

"ఫోటో కింద దసరా బంగారం అని రాసి ఉన్నది గదా."

"రాసింది చంద్రమౌళి. ఏమనుకోని ఇచ్చినవో, ఏమనుకోని తీసుకున్నడో మీ ఇద్దరికే ఎరుక. మీ ఇద్దరి మాటనే సాక్ష్యం." పెన్ను పక్కన పెట్టి అంది. "చెయ్యమంటలేను అన్నా, వద్దంటలేను. తొవ్వ ఉన్నదని చెప్పుడు నా పని. ఇది లేకుంటె మనం గెలువం, గది గూడ చెప్పాలె."

రాసి ఉంచిన కాగితం అతని చేతికి ఇచ్చింది. కిందికి దిగేటప్పుడు మెట్ల దాకా వచ్చి, "ఎండ ఉన్నది, జర నీడకు పో" అంది.

ఇంటికొచ్చి రాజమణికి చెప్పాడు. ఆమె చాట పక్కన పెట్టింది.

"మరి అడుగుతవా?"

"ఏమో."

"అడిగితె ఇయ్యనంటడా?"

"ఇయ్యనంటె బాగుండు. ఇస్తడు. గదే భయం."

ఆమె చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. మర్నాడు పొద్దున్నే చిన్న డబ్బాలో చింతకాయ తొక్కు పెట్టి సంచిలో వేసింది. "ఉస్తాదుకని ఉప్పు తక్కువేసి నూరిన, బీపీ గదా. శైలజకు చెప్పు." తర్వాత, అతను చెప్పులు తొడుక్కుంటుంటే వీపు వెనక నుంచి అంది. "గెలిచినా సరే, ఓడినా సరే. నడుమ ఉండుడే పానం తీస్తున్నదయ్యా."

వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు సర్కారు టికెట్ ఎత్తేసినప్పటి నుంచి మగవాళ్లకు నిలబడటం అలవాటైంది. రాజన్న గుడిలో కోడె కట్టే మొక్కు తీర్చడానికి పోతున్న ఒక ముసలామె అతని ముఖం చూసి, కొబ్బరికాయల సంచిని ఒళ్లోకి తీసుకుని, సీటు మీద జానెడు జాగా చేసింది.

"కూసో కొడుకా. ఏడికి, రాజన్న దగ్గరికా?"

"సిరిసిల్లకు అవ్వా."

"గట్లనా. మొక్కు ఏమన్న ఉంటె చెప్పు, నీ పేరు మీద గూడ దండం పెట్టొస్త."

గంగాప్రసాద్ ఆలోచించాడు. గెలవాలని మొక్కితే, గెలవడానికి ఏం చేయాలో సంచిలో కాగితం మీద రాసి ఉంది. అది చేయించమని దేవుణ్ణి అడగడానికి నోరు రాలేదు.

"మొక్కు ఏం లేదవ్వా. అలిసిపోయిన్నని చెప్పు."

"గది నేను చెప్పాల్నా? గాయినకు కనవడ్తది తియ్యి" అందామె. దిగేటప్పుడు ఆ జానెడు జాగాను ఇంకెవరూ ఆక్రమించకుండా తన చేత్తో తట్టి, "మంచిగ జరిగి కూసో" అని చెప్పి మరీ దిగింది. వేములవాడలో సగం బస్సు ఖాళీ అయింది. సిరిసిల్ల దాకా అతను కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

రాజమౌళి ఉండే గల్లీలో ఇంకా కొన్ని సాంచాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడులో మాట్లాడి మాట్లాడి అక్కడివాళ్లందరికీ గొంతు పెద్దది. అరుగు మీద కుట్టుమిషను ముందు శైలజ కూర్చుని ఉంది. భర్త పోయాక తండ్రి దగ్గరికి వచ్చేసి, జాకెట్లు కుడుతూ ఆయనను చూసుకుంటోంది.

"రా అన్నా. నాయిన గిప్పుడే పనికెళ్లి అచ్చిండు. కాళ్లు కడుక్కుంటున్నడు."

రాజమౌళి తడి లుంగీతో బయటికి వచ్చాడు. కుడి భుజానికి సంచి ఇంకా తగిలించే ఉంది. అందులోంచి పానా పిడి కనిపిస్తోంది.

"ఏందిరా, మొఖం గట్ల వాడిపోయింది? చెన్నై ఎండ కొట్టిందా?"

"చెన్నై యాడ పోయిన ఉస్తాద్? కేసంత కంప్యూటర్లనే."

"కంప్యూటర్లనైతె ఎండ తాకది. మరి గిదేందో వేరే ఉన్నట్టున్నది. ముందుగాల తిందాం పా."

తిన్నారు. చింతకాయ తొక్కు నోట్లో పెట్టుకుని, "ఉప్పు మర్చిపోయింది నీ పెండ్లాం" అన్నాడు రాజమౌళి. "మర్చిపోలేదు నాయినా, నీ కోసమే ఏసిందట" అంది శైలజ. ఆయన ఇంకో ముద్దకు కలుపుకుంటూ, "అయితె మంచిదే. గింత దూరం నుంచి నా రోగం యాది పెట్టుకున్నది" అన్నాడు.

చేతులు కడుక్కున్నాక గంగాప్రసాద్ చెప్పాడు. తలెత్తకుండా, అలేఖ్య చెప్పింది చెప్పినట్టు. రాజమౌళి మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అంతా విని, లేచి, సంచిలోంచి పానా తీసి, లుంగీ కొసతో నీళ్లు తుడిచి, అతని ముందు పెట్టాడు.

"గింతేనా? గీ మాట చెప్పుటానికి గింత గుంజినవా? తీస్కపో. సంతకం ఏడ పెట్టాలె?"

కుట్టుమిషను చప్పుడు ఆగింది. "నాయినా, రేపు సాంచాల ఆసామి ఇంట్ల పని ఒప్పుకున్నవ్. అది లేకుంటె ఎట్ల చేస్తవ్?" అంది శైలజ.

"బజార్ల దొరుకుతది గద. కంపెనీది. ఒకటి కొనుక్కుంట."

ఆయన వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అన్నాడు. ఆ మాట ఎక్కడ తగిలిందో గంగాప్రసాద్ ముఖం చూసి శైలజకు అర్థమైంది. తల దించుకుని సూదిలో దారం ఎక్కించుకుంది.

"సదువు" అన్నాడు రాజమౌళి. "నా అద్దాలు పలిగినయి. ఏం రాసిండ్రో ఇననియ్యి."

గంగాప్రసాద్ కాగితం విప్పి చదివాడు. సదరు పనిముట్టును గంగాప్రసాద్ గారు కేవలం పరీక్ష నిమిత్తం నాకు అప్పగించగా, నేను దానిని కొన్ని దినములు వాడి చూసి, తిరిగి వారికి ముట్టజెప్పితిని, అది నాకు బహుమానముగా ఇవ్వబడలేదు.

"ఇది నేను చెప్పినట్టా?"

"అవు ఉస్తాద్."

"మంచిగ రాసిండ్రు. నాకు గింత మంచి తెలుగు రాదు." పెన్ను అందుకున్నాడు. కాగితం జారకుండా పడిపోయిన ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి, బరువులా దాని మీద పెట్టుకున్నాడు. అప్పుడు ఆగాడు.

"ఒక్క మాట అడుగుత గంగా, ఏమనుకోకు. గప్పుడు దసరాకు, నాకు ఇచ్చినవా, వాడి చూడమన్నవా?"

పక్కింట్లో సాంచాలు ఒక్కసారిగా ఆగాయి. కరెంటు పోయినట్టుంది.

"ఇచ్చిన ఉస్తాద్."

"గదే. నాకు గూడ గట్లనే యాదికున్నది." రాజమౌళి ముఖంలో పెద్ద బరువు దిగినట్టయింది. "బీమారైన సంది ఒకటి అనుకుంటె ఒకటి మర్చిపోతున్న. గిది గూడ మర్చిపోయిన్నేమో, అందరికీ తప్పు చెప్పుకుంటున్ననేమో అనుకున్న. నా శిష్యుడు దసరాకు ఇచ్చిండని గీ గల్లీల చెప్పని ఇల్లు లేదు. సరే, ఏముంది, గిప్పటి సంది వాడి చూడమన్నడని చెప్త. నీ పని అయితె సాలు."

మళ్లీ కాగితం మీదికి వంగాడు. గంగాప్రసాద్ ఆయన చేతి కింద నుంచి కాగితాన్ని మెల్లగా లాగాడు.

"ఏందిరా?"

"వద్దు ఉస్తాద్."

"అరె, పిస్సోనివా? నీ కేసు పోతది."

"పోతె పోనియ్యి."

"నా కోసమని ఇడుస్తున్నవా? నాకు గింత పానా ముఖ్యమా?"

"నీ కోసం కాదు." అతను కాగితాన్ని సంచిలో పెట్టుకున్నాడు. "నేను జేసింది నేను జేసిన అని చెప్పుకునుటానికే గీ కోర్టుకు పోయిన. గది గెలువాల్నంటె నేను ఇచ్చింది ఇయ్యలేదని చెప్పాల్నట. రెండు నేనే గదా చేసింది? ఒకటి దక్కించుకుంట, ఒకటి కాదంట అంటె ఎట్ల?"

రాజమౌళి ఒంటి చేత్తో పానాను దగ్గరికి తీసుకున్నాడు. "శైలజా, వానికి జర చాయ పెట్టు" అన్నాడు.

అలేఖ్యకు చెప్పినప్పుడు ఆమె కోప్పడలేదు. సంతకం లేని కాగితాన్ని రెండు మడతలు పెట్టి చింపింది.

"ఓడిపోతమన్నా. ఎరుకేనా?"

"ఎరుకే మేడం."

"చెన్నై సార్‌కు ఉన్నదున్నట్టు చెప్తనే మరి." కిటికీ వైపు తిరిగి అంది. "నాకు గూడ నిద్ర పడ్తలేకుండె."

వానలు మొదలైనాక చివరి వాయిదా వచ్చింది. ఆ రోజు వాళ్ల వంతు తొందరగానే వచ్చింది. తెర మీద చెన్నై వకీలు చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు, కంపెనీ వకీలు అంతకంటే ఎక్కువసేపు మాట్లాడాడు. జడ్జి గారు కళ్లద్దాలు తీసి ఒక చిన్న ప్రశ్న అడిగారు. గంగాప్రసాద్‌కు అర్థం కాలేదు. అలేఖ్య అతని చెవి దగ్గర చెప్పింది.

"ఆయన వాపస్ ఇచ్చిండా అని అడుగుతున్నడు."

చెన్నై వకీలు చేతిలో కాగితాలు కింద పెట్టి, లేదు, అది గురువుకు ఇచ్చిన కానుక అన్నాడు. జడ్జి గారు తలూపారు. ఆ తర్వాత ఎక్కువసేపు పట్టలేదు. అప్పీలు కొట్టేశారు.

తెర మీద వేరే వాళ్ల ముఖాలు వచ్చాయి. అలేఖ్య కంప్యూటర్ మూసింది.

"ఏమన్నడు మేడం?"

"ఈ పనిముట్టును కనిపెట్టింది ఈయననే, దాంట్ల అనుమానం లేదన్నడు. కాని దరఖాస్తుకు ముందే నలుగురి ముంగట చేతులు మారింది, గందుకే హక్కు ఇయ్యలేనన్నడు. ఆర్డర్ల గట్లనే రాస్తరు."

"కనిపెట్టింది నేనే అని రాస్తరా?"

"రాస్తరు. ఇంకొక మాట. కంపెనీ వాళ్లు గూడ దీని మీద వాళ్ల పేరుతోని దరఖాస్తు వేసిండ్రు గదా. మనల్ని కొట్టిన ఫోటోనే వాళ్లను గూడ కొడ్తది. ఇగ ఇది ఎవరి సొత్తు కాదు. ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు."

సంతోషపడాలా అని అతను ఆలోచించాడు. ఏమీ అనిపించలేదు. మోకాళ్లు మాత్రం నొస్తున్నాయి. ఇన్నేళ్లూ బేసిన్ల కింద మడిచి మడిచి అరిగిన మోకాళ్లు. అలేఖ్యకు రెండు చేతులూ జోడించాడు. ఆమె అతని చేతులు పట్టుకుని కిందికి దించింది. "ఆడపిల్లకు గట్ల మొక్కద్దు అన్నా" అంది. ఆమె గొంతు కూడా అలిసిపోయి ఉంది.

బస్టాండు చేరేసరికి చినుకులు పడుతున్నాయి. రేకుల కింద బల్ల మీద కూర్చుని రాజమణికి ఫోన్లో చెప్పాడు. "అయిపోయింది గదా. ఇంటికి రా" అందామె. తర్వాత సిరిసిల్లకు ఫోన్ చేశాడు. అవతల సాంచాల చప్పుడు, ఆ చప్పుడు మీదుగా రాజమౌళి అరుపు.

"ఏమైందిరా?"

"పోయింది ఉస్తాద్."

"పోయిందా." సాంచాల చప్పుడు కాస్త దూరమైంది. "తిన్నవా?"

"లే. ఒక్క మాట చెప్పనీ. చేసింది నేనే అని ఒప్పుకున్నరట. హక్కు లేదన్నరు. కంపెనీకి గూడ లేదట. ఇగ ఎవలైనా చేసుకోవచ్చట."

"ఎవలైనానా? మా గల్లీల లేతు మిషనోడు రమేశ్ ఉన్నడు, సాంచాల సామాన్లు చేసెటోడు. వానికి పనే లేదిప్పుడు. వాడు జేస్తనంటె చెయ్యనియ్యాల్నా?"

"చెయ్యనియ్యి."

"నీకేం ఇయ్యాల్నో అడుగుతడు మరి."

"నాకేమద్దు. పిడి కాడ తీగను రెండు మడతలేసి కట్టమను ఉస్తాద్. ఒక్క మడతైతె మీట నొక్కంగనే జారుతది. నోటికి మెత్తటి ఇనుము పెట్టొద్దను, నట్టు మీదికెళ్లి తప్పుతది, చేతికి తాకుతది."

"చెప్త, చెప్త. అన్ని చెప్త. నువ్వు ముందుగాల ఏమన్న తిను. జడ్జి సారు ఇంట్ల బేసిన్ కారితె గప్పుడు ఎవల్ని పిలుస్తడో చూద్దాం."

గంగాప్రసాద్ నవ్వాడు. చాలా రోజులకు వచ్చిన నవ్వు, ఎక్కువసేపు నిలవలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్న ఒక తల్లి తన బిడ్డకు పెడుతున్న బిస్కెట్ల పొట్లంలోంచి రెండు తీసి, అడగకుండానే అతని వైపు చాపింది. తీసుకున్నాడు.

కోరుట్ల బస్సు వచ్చి నిలబడింది. జనం గొడుగులు ముడుస్తూ ఎక్కుతున్నారు. లేవాలనుకున్నాడు గాని లేవబుద్ధి కాలేదు. ఇంకే వాయిదా లేదు, తొందరా లేదు. ఆ బస్సును పోనిచ్చాడు.